స్నానాల గది దర్వాజ

నా భార్య తుంటి ఎముక విరిగి నాగర్‌కర్నూల్ దవాఖానలో పడుకుంది. మూడు రోజుల్లో చక్రాల కుర్చీలో ఇంటికి తీసుకుపోవచ్చని డాక్టరు చెప్పినప్పుడు, నాకు మొదట గుర్తొచ్చింది కోడేరులోని మా స్నానాల గది. దాని దర్వాజ ఇరుకు. నా భార్య దగ్గర ఆమె చెల్లెలిని ఉంచి ఇంటికి వచ్చి, టేపు పెట్టి కొలిస్తే కుర్చీ పట్టడానికి నాలుగు వేళ్లు తక్కువైంది.

తెలిసిన మేస్త్రీకి ఫోన్ చేశాను. "గద్వాలల స్లాబ్ పని మీద ఉన్న సార్. పది దినాలైతది," అన్నాడు.

నేను బడిలో లెక్కలు చెప్పేవాడిని. చేతిపని తెలియదు. అయినా ఒక గోడను కాస్త కోయడమే కదా అనుకున్నాను. ఇల్లు కట్టినప్పటి నుంచి అటక మీద ఉన్న పాత కటింగ్ మిషన్ దింపి, దర్వాజ పక్కన పెన్సిలుతో గీత గీసి మొదలుపెట్టాను. నడుము ఎత్తు వరకు వచ్చాక కాలిన వాసన వచ్చింది. స్విచ్ తీసేలోపే పొగ చిమ్మి ఆగిపోయింది.

మా వీధిలో వెల్డింగ్ పనిచేసే భాయి తన మిషన్ ఇచ్చాడు. "జర నిమ్మళంగ సార్. జోరుగ ఒత్తొద్దు," అన్నాడు. నేను తొందరలో ఒత్తాను. గోడలోని ఇనుప చువ్వ తగిలి బ్లేడు ముక్కలైంది. ఒక ముక్క నా చెవి పక్క నుంచి పోయింది. మిషన్ ఇరుసు కూడా వంగింది. తిరిగి ఇస్తే అతను దాన్ని చేత్తో తిప్పి చూసి, "దీని మీదనే నా బతుకు సార్," అన్నాడు. తిట్టినా బాగుండేది. బాగుచేయించి ఇస్తానని దాన్ని వెనక్కి తెచ్చుకున్నాను.

మర్నాడు రెండు మిషన్లూ పట్టుకుని నాగర్‌కర్నూల్‌లోని రిపేరు దుకాణానికి పోయాను. భాయిది సాయంత్రానికి బాగుచేసి ఇచ్చారు. నాది చూసి దుకాణం ఆయన తల అడ్డంగా ఊపాడు. "లోపల కాలింది. సామాను హైదరాబాద్ నుంచి రావాలె."

"ఎప్పుడొస్తది?"

"తెల్వదు సార్."

భాయి మిషన్ భాయికి ఇచ్చేశాను. మళ్లీ అడగడానికి ముఖం చెల్లలేదు. మూడో రోజు పొద్దున సుత్తె, గోడ చెక్కే శానం తీసుకున్నాను. పది దెబ్బలకే కట్టె విరిగి సుత్తె తల ఎగిరిపోయి నల్లా పైపుకు తగిలింది. గదంతా నీళ్లు. వాల్వు కట్టేసి, ఆ బురదలో ఇటుక పెళ్లల మధ్య కూర్చుండిపోయాను. నా భార్య, ఆమె చెల్లెలు దవాఖాన నుంచి వచ్చే వేళకు కూడా లేవలేకపోయాను.

ఆమె కుర్చీలోంచే అంతా చూసింది. "మేస్త్రీ వచ్చేదాంక ఆగితె ఏమయ్యేది?" అంది.

స్నానం వాకిట్లో, చీర అడ్డం కట్టి. మిగతా అవసరాలకు మంచం కింద బేసిన్. చెల్లెలు వెళ్లిపోయాక అది నేనే ఎత్తాల్సి వచ్చింది. ఆమె ముఖం గోడవైపు తిప్పుకునేది. నీళ్లు ఇస్తే "దూప లేదు" అనేది. ఎందుకు తాగడం లేదో నాకు నాలుగో రోజుకు గానీ అర్థం కాలేదు. అప్పటికే మూత్రంలో మంట, చలిజ్వరం. మళ్లీ దవాఖానకు తీసుకుపోయాను.

ఆమె అక్కడ ఉండగానే మేస్త్రీ వచ్చాడు. నేను కోసిన గాట్లలో వేలు పెట్టి చూశాడు.

"గోడెందుకు కోసినవ్ సార్? గీ కట్టె దర్వాజ పీకేస్తె కుర్చీ పట్టేది గద."

గడ్డపారతో గంటలో పీకేశాడు. ఎప్పుడూ మా ఇంట్లోనే ఉండే గడ్డపారే అది. దర్వాజ చట్రం చెక్కల మందం లెక్కలోకి తీసుకోవాలని, పిల్లలకు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు తట్టలేదు.

ఆమె ఇంటికి వచ్చేసరికి బాగా నీరసించింది. కుర్చీలో కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతోంది. డాక్టరు ఇక మంచం మీదే ఉంచమన్నాడు. రోజూ పొద్దున వేడినీళ్లలో తువ్వాలు ముంచి ఒళ్లు తుడుస్తాను. ఆమె కళ్లు మూసుకుంటుంది. తర్వాత నేను ఆ నీళ్లను, దర్వాజ పీకేసిన స్నానాల గదిలోకి తీసుకుపోయి పారబోస్తాను.