ఆయుధపూజకొక పట్టీ

మా ముత్తాత చెంగప్ప కామసముద్రం చుట్టుపక్కల ఏడూళ్లకు పటేలు. ఆయన కొడుకు, అంటే మా తాత మునివెంకటప్ప, ఆరు లారీల యజమాని. కోలారు వైపు చాంపియన్ రీఫ్స్ బంగారు గనుల్లో సొరంగాల కప్పు కూలకుండా నిలబెట్టిన దుంగలు ఎన్నో ఆ లారీల మీద వచ్చినవే. ఆ ఇంటి మనవరాలిని నేను. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. మొన్న బంగారుపేటలో ఒక టైర్ల అంగడి ముందు, రబ్బరు వాసనా గ్రీజు వాసనా కలిసిన గాలి పీలుస్తూ కారు చక్రాలు సరిచేయించుకుంటుంటే, పక్క బెంచీ మీది పెద్దమనిషి నా ఊరూ ఇంటిపేరూ అడిగి తెలుసుకుని, "ఓ, డాన్సు లారీ వాళ్లా మీరు!" అని పకపకా నవ్వాడు. నవ్వనీ. ఆ లారీ ఊగిన మాట నిజమే. ఎందుకు ఊగిందో, ఎట్లా నిలబడిందో మొదట్నుంచీ దగ్గరుండి చూసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి ఇది రాస్తున్నాను.

నాకు బుద్ధి తెలిసేనాటికి ఆరింటిలో ఒక్కటే మిగిలింది. మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి, పచ్చరంగు, తలుపులకు పసుపు అంచులు. చలికాలంలో అది అనపకాయల మూటలతో వచ్చి వాకిట్లో నిలబడితే, మూతులు విప్పకముందే ఆ కాయల జిడ్డు వాసన వంటింటి దాకా పాకేది. అవ్వా, అమ్మా, పక్కింటి ఆడవాళ్లూ వసారాలో గుండ్రంగా కూర్చుని, నానిన గింజల తొక్క పితికి పులుసు కాస్తే, వేడి రాగి ముద్ద నడుమ గుంట చేసి అందులో ఆ పులుసు పోసుకుని వేళ్లు కాలుతున్నా ఆగకుండా మింగేవాళ్లం. ఎండాకాలం వస్తే బండి నిండా వరిగడ్డి, గడ్డిలో తోతాపురి మామిడికాయలు, సందుల్లోంచి లాగిన కాయకు ఉప్పూ కారం, మూతి చుట్టూ జీడి తగిలి పొక్కిన పుండ్లు. వానాకాలంలో తడిసి బిగుసుకున్న టార్పాలిన్ కింద దాగుడుమూతలు. మా ఆటలన్నీ ఆ బండి చుట్టే తిరిగేవి.

అన్నిటికంటే పెద్ద పండగ ఆయుధపూజ. బొరుగులు, బెల్లం, పుట్నాలు కలిపి దోసిళ్లతో పంచేవాళ్లు. చక్రాల కింద నిమ్మకాయలు, బండి ముందు కుంకుమ నింపి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. ఇవన్నీ అందరికీ ఉన్నవే. మా ఇంటి ఆచారం మాత్రం ఇంకెక్కడా లేదు. లారీ వెనక ఇరుసు మీద బరువు మోసేది విల్లులా వంగిన ఉక్కు పట్టీల కట్ట, పక్కకొకటి. ఆరు లారీలూ దుంగలు మోసిన రోజుల్లో తాత ప్రతి ఆయుధపూజకూ వంతు ప్రకారం ఒక లారీకి, రెండు పక్కలా ఒక్కో కొత్త పట్టీ కమ్మరి చేత చేయించి, అమ్మవారికి నగ పెట్టినట్టు పసుపు రాసి, కుంకుమ పెట్టి తొడిగించేవాడు. ఒక్కో బండికి ఆరేళ్లకు ఒకసారి వంతు వచ్చేది. తర్వాత గనుల్లో పని తగ్గింది, దుంగలు అడిగేవాళ్లు తగ్గారు, లారీలు ఒకటొకటే పోయాయి. ఆచారం మాత్రం పోలేదు. మిగిలిన ఒక్క లారీకే ఏటేటా వంతు వచ్చింది. నాలుగేళ్లలో పక్కకు నాలుగు పట్టీలు పెరిగాయి. పండగ మానేస్తే పటేలు ఇల్లు చితికిపోయిందంటారని ఆయన బాధ.

అప్పుడే బండికి జబ్బు పట్టుకుంది. తేలిక బరువుతో పోయేటప్పుడు వేగం చూపే ముల్లు నలభై దాటిందంటే స్టీరింగు డ్రైవరు ఎల్లప్ప చేతుల్లో కుడికీ ఎడమకీ కొట్టుకునేది. ముందు చక్రాలు తలాడించేవి. చిన్న గుంత తగిలినా బండి మొత్తం ఎగిరెగిరి పడేది. ఊరి పిల్లలు డాన్సు లారీ అని పేరు పెట్టి, బడి దగ్గర రెండు చేతులూ ముందుకు చాచి ఒళ్లంతా ఊపుకుంటూ నా వెనక పరిగెత్తేవాళ్లు. వాళ్లలో ఒకతెను జడ పట్టుకుని మట్టిలో పొర్లించి ఇంటికొచ్చాను. అవ్వ కొట్టింది. తాత బెల్లం ముక్క పెట్టాడు.

మామిడి కాపు మొదలయ్యే ముందు శ్రీనివాసపురం మండీ యజమాని ఇంటికొచ్చాడు. ఏళ్లుగా ఆయన కాయను మద్రాసుకు తీసుకుపోయేది మా బండే.

"పటేలప్పా, మీమింద గౌరవం ఉండాది. కానీ కాయ మద్రాసు చేరేలోగా సగం కమిలిపోతా ఉండాది. బండి తిన్నగా పోతేనే ఈ కాపు లోడు. లేదంటే ఇంగొక లారీ చూసుకుంటాను" అన్నాడు.

ఆ లోడు తప్ప బండికి వేరే పని లేదు. పని లేని బండిని ఉంచుకునే స్తోమత మాకు లేదు.

ఎల్లప్ప ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాడు, ఊపు పోలేదు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, సుద్దముక్క అంచుకు ఆనించి తిప్పి చూశాడు. గీత చుట్టూ సమంగా పడింది, చక్రంలో వంకర లేదు. చక్రం కింద గడ్డపార పెట్టి ఎగదోసి, లొడలొడమంటోందని, చక్రాన్ని ఇరుసుకు పట్టి తిరగనిచ్చే కింగ్‌పిన్నులు కొత్తవి వేయించాడు. స్టీరింగు రాడ్డు చివర్లు మార్పించాడు. మార్చిన ప్రతిసారీ రోడ్డు మీద నడిపి చూసి, తిరిగొచ్చి, కందిన చేతులు నీళ్లతొట్టిలో ముంచుకునేవాడు.

"నీ చేతుల్లో సత్తువ లేదురా" అనేవాడు తాత.

"సత్తువ ఉండాదప్పా. చేతులే ఉండేట్టు లేవు."

చివరికి ఎల్లప్పే చాంపియన్ రీఫ్స్ నుంచి కన్నయ్య మేస్త్రీని పిలుచుకొచ్చాడు. గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, పని పోయి ఇంట్లో ఉన్న మనిషి; సన్నగా, చెవి మీద పెన్సిలు, మాసిన ఖాకీ నిక్కరు. వచ్చి బండిని ముట్టుకోలేదు. చుట్టూ ఒకసారి తిరిగి వసారా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు ఆడతాదో చెప్పొద్దు ఎల్లప్పా. ఎప్పుడు ఆడదో చెప్పు."

ఎల్లప్ప తల గోక్కున్నాడు. "సుగటూరు నుంచి బండరాళ్లు ఎత్తుకొచ్చినాము సూడు, ఆ పొద్దు మాత్రం నీళ్ల మింద తెప్ప మాదిరి వచ్చింది."

కన్నయ్య సంచిలోంచి రసమట్టం తీసి లారీ ఛాసిస్ మీద పెట్టాడు. గాజులోని బుడగ వెనక్కి పరిగెత్తి అంచుకు అంటుకుంది. అంటే బండి వెనకవైపు ఎత్తుగా ఉంది. తర్వాత బండి నిండా ఇసుక మూటలు వేయించి ఎల్లప్పను పంపితే, వాడు ఒంటిచేత్తో నడుపుతూ, రెండో చెయ్యి కిటికీలోంచి ఊపుకుంటూ తిరిగొచ్చాడు. ముప్పాతిక మూటలు దింపి పంపితే మళ్లీ పాత ఊపే.

"అప్పా, రోగం వెనక ఉండాది" అన్నాడు కన్నయ్య. "పట్టీలు ఎక్కువై పిర్రలు లేచినాయి. వెనక లేస్తే ముందర ఇరుసు ముందుకి వంగతాది. ముందుకి పడబోతా నడిచేవానికి కాళ్లు తడబడవా? చక్రమూ అంతే. ఇంగ ఆ కట్ట బండరాళ్లకైతే వంగతాది, మామిడికాయకి యాడ వంగతాది? వంగక బండినే ఎగరేస్తా ఉండాది. పక్కకి నాలుగు తీసేద్దాము."

తాత మొహం ఎర్రబడింది. "నగలు ఒలిచేయమంటావా? గనికి మోసిన బండయ్యా ఇది!"

"గని యాడుండాదప్పా? అది నడుస్తా ఉంటే ఈ పొద్దప్పుడు మీ వాకిట్లో నాకేం పని?"

తాత తలపాగా బిగించి, ఎల్లప్ప చేతిలోంచి తాళం లాక్కుని, "అమ్మణ్ణీ, ఎక్కు" అన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మిగిలిన మూటలు కూడా దింపేసిన ఖాళీ బండిని కోలారు బంగారు గనుల దారి పట్టించాడు. ముప్పై దాకా బాగానే ఉంది. నలభై దగ్గర స్టీరింగు ఒక్కసారి విదిలించుకుంది. నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి, సీటు కింద పానాలు గలగలమన్నాయి. ఆయన వేగం తగ్గించలేదు. పళ్లు బిగించి ఇంకా తొక్కాడు, ఆ బండిని తన మాట వినిపించి తీరతానన్నట్టు. స్టీరింగు ఊచ తిరిగొచ్చి ఆయన కుడి బొటనవేలిని కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

దారి పక్కన బండి ఆపాడు. దూరంగా, బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల తెల్లటి కొస, దాని పక్కన మనుషుల్ని గనిలోకి దించే ఇనుప గోపురం కనిపిస్తున్నాయి. గోపురం మీది చక్రం తిరగడం లేదు. తాత దాన్నే చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా బండి తిప్పాడు.

వాకిట్లో దిగేసరికి వేలు వంకాయంత అయింది. దాన్ని తువ్వాలులో చుట్టుకుని కన్నయ్య ముందు నిలబడ్డాడు.

"తియ్యి. కానీ చాటుగా షెడ్డులో తియ్యొద్దు. ఈడే, వాకిట్లో, అందురూ చూడంగా తియ్యి. బరువు తగ్గిందని తీస్తా ఉండాము. మేము తగ్గి తీయడం లేదు."

మొదటి నట్టుకు పానా ఎడమచేత్తో ఆయనే పెట్టాడు. వీధి వీధంతా గోడల మీదెక్కి చూసింది. ఎనిమిది పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి బండమీద ఖంగుమని పడ్డాయి, ఇంకా పసుపు మరకలతో. కన్నయ్య మళ్లీ రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చాక తాతను చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు.

ఆ కాపు లోడు మాకే వచ్చింది. మొదటి లోడు మద్రాసు చేరినప్పుడు అక్కడికే వచ్చిన మండీ యజమాని అడుగున ఉన్న కాయ ఒకటి తీయించి నాలుగు పక్కలా కోసి చూసి, ఒక ముక్క ఎల్లప్పకు పెట్టి ఇంకొకటి తను తిన్నాడట. ఆ తర్వాత తొమ్మిది కాపులు ఆ బండి ఆ దారిలో తిరిగింది. తాత వేలు వంకరగానే అతుక్కుంది. ఎవరైనా అడిగితే దాచుకునేవాడు కాడు, చెయ్యి చాపి చూపించేవాడు.

ఇప్పుడు చాంపియన్ రీఫ్స్‌లో షిఫ్టు మారే కూత లేదు. ఉక్కును కాల్చి విల్లులా వంచే కమ్మరి ఈ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. ఎల్లప్పా లేడు, కన్నయ్యా లేడు. మా ఇల్లు చితికిపోయిన మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే చితికినా ఇంకొకరి కాయను కమలనివ్వలేదు, ఒప్పుకున్న లోడు ఒక్కటీ తప్పలేదు. అది చెప్పడానికి నాకు తలవంపేమీ లేదు. చెరువు కింది నాలుగెకరాల మడి తాత ఉండగానే అమ్మాం. ఆయన పోయిన మూడో ఏడు లారీని శ్రీనివాసపురం మండీ యజమానికి, పాత ఇనుముగా కాదు, నడిచే బండిగానే అమ్మాం.