మిర్చి గది పేజీ తెరుచుకోని సాయంత్రం

వరంగల్ మిర్చి బజారులో మొదటి ఆడ్తి దుకాణాల్లో మా ముత్తాతది ఒకటి. రైతుల సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం మా వృత్తి. మా తాత ధర పలికేదాకా తక్కిన వ్యాపారులు నోరు విప్పేవారు కారు. నాన్న హయాంలో గోదాములు ఒక్కొక్కటే చేయి జారాయి. నా వంతుకు మిగిలింది స్టేషన్ ఘన్‌పూర్ దారిలో ఒక చిన్న కోల్డ్ స్టోరేజీ గది.

మంచి ధర వచ్చేదాకా రైతులు మిర్చి బస్తాలు అందులో ఉంచేవారు. గది వేడెక్కితే కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది. చల్లగా ఉందా లేదా అని రోజూ ఫోన్లే. అందుకే అగ్గిపెట్టెలో పట్టేంత బోర్డు ఒకటి తెచ్చి, వేడి కొలిచే సెన్సారు తగిలించి, వెబ్ పేజీ పెట్టాను. వెనక వేరే కంప్యూటర్ లేదు. ఎవరు ఫోన్‌లో తెరిచినా ఆ బోర్డే పేజీ పంపాలి. ఎవరి గడపా తొక్కకుండా నేనే నేర్చుకుని చేశాను.

మా దుకాణంలో తాత పటానికి ఊదుబత్తి వెలిగించాకే తక్కెడ ముట్టేవాళ్లం. పేజీలోనూ అంతే. ముందు తాత ఫొటో, దాని కింద డిగ్రీలు.

"ఆ ఫొటో తీసెయ్యరాదుండ్రి, పేజీ జర జల్ది వస్తది," అన్నది నా భార్య.

"పటం లేని దుకాణం మనది కాదు," అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. ఘన్‌పూర్ వైపు కరెంటు పోయిందన్నారు. జనరేటర్ దానంతటదే అందుకోవాలి. అందుకుందో లేదో చూద్దామని పేజీ తెరిచాను. రాలేదు. మళ్లీ నొక్కాను, రాలేదు. గది దగ్గరి కాపలాదారు ఫోన్ కలవలేదు. అంతలో మా పాత రైతు ఒకాయన ఫోన్ చేశాడు.

"సేటు, మీ తాత మీసాల దాక వస్తాండు, ఆడ్నే ఆగుతాండు. డిగ్రీలు వస్తలేవు."

"నెట్‌వర్క్ సమస్య కాకా, ఫికర్ చెయ్యకు."

"నా ఏడాది పంట అండ్ల ఉన్నది. ఫికర్ చెయ్యక పండుకోమంటవా?"

తడిసిన రోడ్డు మీద కారులో గది వైపు బయలుదేరాను. ఈ ఒక్క గది చెడితే బజారులో మా మాట ఇక ఎవరూ వినరు. ముక్కిన మిర్చి వాసన అప్పుడే వస్తున్నట్టు అద్దాలు దించి గాలి పీల్చి చూశాను. వాన వాసన తప్ప ఏమీ లేదు.

గేటు దగ్గరికి రాగానే జనరేటర్ చప్పుడు వినబడింది. లోపల గది మంచులా ఉంది. బోర్డు చూస్తే సంగతి అర్థమైంది. కరెంటు పోయిందనగానే రైతులంతా ఒక్కసారే పేజీ తెరిచారు. నాలుగు అక్షరం ముక్కలైతే బోర్డు పంపగలిగేది. ఇందరికీ ఫొటో పంపబోయి మెమొరీ నిండి ఆగిపోతోంది, మళ్లీ మొదలవుతోంది. కింద ఉన్న డిగ్రీల వంతు రావడమే లేదు.

ఈ మాట చెప్పేలోపే రైతుల ట్రాక్టర్లు వచ్చాయి, ఫోన్ చేసిన కాకా ముందు దిగాడు.

"చెయ్యి పెట్టి చూడు కాకా, ఎంత సల్లగుందో."

"ఇప్పుడు సల్లగనే ఉంది సేటు. ఇందాక ఎట్లుండెనో నీకేం ఎరుక? నీ పేజీకే ఎరుక లేకపాయె."

ఆయన తన బస్తాలు బయటికి తీయించి ట్రాక్టర్‌కు ఎక్కించుకున్నాడు. ఆయన్ను చూసి మిగతావాళ్లూ. వారం తిరక్కుండా గది ఖాళీ అయింది. మరుసటి పంటకు ఎవరూ రాలేదు.

గదిని, యంత్రాలను, కింది జాగాను ఒక రైస్ మిల్లు యజమానికి అమ్మేశాం.