పడమటి గోడ మీద సుద్ద గుర్తులు

అతన్ని అందరూ చెవుల మేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు. తాపీ పిడితో గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, ప్లాస్టరింగు ఇటుకను పట్టుకుని ఉందో, పట్టు వదిలేసి డొల్లగా నిలబడిందో చప్పుడు విని చెప్పేస్తాడని. డొల్లగా ఉన్నచోట సుద్దతో చుట్టు గీసి, ఆ మేరకే ఊడగొట్టి మళ్ళీ పూస్తాడు. మిగతా గోడ జోలికి పోడు. ముప్ఫై ఏళ్ళుగా అతనికి పని తెచ్చిపెట్టింది ఆ చెవులే.

వాటిలో ఎడమది రెండేళ్ళ కిందటే పనిచేయడం మానేసింది. కుడిది ఇవాళో రేపో అన్నట్టుంది. ఈ సంగతి తెలిసింది భార్యకొక్కదానికే. పాతికేళ్ళుగా అతని పక్కన ఇసుక జల్లిస్తూ, సిమెంటు కలుపుతూ ఉన్న మనిషి. ఆ చప్పుళ్ళు ఆవిడకీ కంఠతా వచ్చు. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. అతను కొడతాడు. డొల్ల అయితే ఆవిడ సుద్దముక్క అందిస్తుంది. గట్టిగా ఉంటే చెయ్యి కదపదు. చూసేవాళ్ళకి పెళ్ళాం మొగుడికి సాయం చేస్తున్నట్టే ఉంటుంది. ఆడమనిషి చేతిని లోకం అంతకంటే పరీక్షగా ఎప్పుడు చూసింది గనక.

ఆవేళ వచ్చింది నర్సమ్మ ఇంటికి. ఆసుపత్రిలో చేసి రిటైరయినా వీధికి ఆవిడ ఇంకా నర్సమ్మే. ఇంటి పడమటి గోడ వానకు నాని, ఉబ్బి, పెచ్చులు రాలుతోంది. అంతకుముందు వచ్చిన కాంట్రాక్టరు కారు దిగకుండానే మొత్తం పీకెయ్యాలన్నాడట.

"రోగిని ముట్టుకోకుండా ఆపరేషన్ అన్న డాక్టర్లను చాలామందిని చూశాను మేస్త్రీ. మీరు ముట్టుకుని చెప్పండి," అంది నర్సమ్మ.

మేస్త్రి బల్ల ఎక్కి కొట్టడం మొదలుపెట్టాడు. సగం గోడ సవ్యంగానే గడిచింది. అప్పుడు నర్సమ్మ మేస్త్రి భార్యను పిలిచింది. "ఒకసారి లోపలికి రామ్మా, గది గోడకి కూడా చెమ్మెక్కింది, చూద్దువుగాని." ఆవిడ మేస్త్రి వైపు చూసింది. వెళ్ళమన్నట్టు తలూపాడు.

చెయ్యి ఆపి కూర్చుంటే సరిపోయేది. కానీ ఎదురింటాయన కుర్చీ వేసుకుని మరీ చూస్తున్నాడు. చెవుల మేస్త్రికి వినబడదన్న మాట ఒక్కసారి వీధిలో పడితే, మళ్ళీ ఏ ఇంటివాళ్ళూ కబురు పెట్టరు. అందుకని కొడుతూనే ఉన్నాడు. బీటలున్న చోట మూడు చుట్లు గీశాడు. కిటికీ పైన రంగు నున్నగా మెరుస్తోంది. అక్కడ రెండు దెబ్బలు కొట్టి వదిలేశాడు.

రోజూ సాయంత్రం ఎండలో నర్సమ్మ అత్తగారు కూర్చునేది సరిగ్గా ఆ కిటికీ కింద.

"ఏం నాయనా, అది నా నెత్తిన పడదు గదా?" అంది ముసలావిడ. మేస్త్రి పలకలేదు. బయటికొచ్చిన నర్సమ్మ వెనకనుంచి అదే మాట రెండుసార్లు అడిగింది. మూడోసారికి తిరిగి, కిటికీ పైకి చూపించిన ఆవిడ వేలు చూసి, "గట్టిగా ఉందమ్మా," అంటూ ఇంకో దెబ్బ కొట్టాడు.

నర్సమ్మ వెనకే వచ్చిన భార్యకు ఆ చప్పుడు వినబడింది.  దగ్గరకొచ్చి, "మళ్ళీ కొట్టు," అంది. పెదవులు చూసి కొట్టాడు. ఆవిడ సుద్ద అందించింది. అతని చూపు కిటికీ కింద ముసలావిడ కూర్చునే చోటుకు దిగింది.

నర్సమ్మ ఆ సుద్దనీ, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అతనికి ఎదురుగా నడిచొచ్చి, "ఏ చెవి?" అంది.

"ఎడమదమ్మా. ఇదీ కొంత."

"ఎన్నాళ్ళైంది?"

"రెండేళ్ళు."

"మరి రెండేళ్ళుగా గోడలు వింటోంది ఎవరు?"

"కనబడట్లా?" అంది అత్తగారు. "నువ్వు చెప్పినవన్నీ చేసి నా కొడుకు తెలివైనవాడు అనిపించుకోలా? ఇదీ అంతే."

నర్సమ్మ నవ్వలేదు. "పని మీకే ఇస్తాను. దాగుడుమూతలొద్దు. ఆవిడ పైకి చెప్పాలి, మీరు గీయాలి. మొదట్నుంచి."

మేస్త్రి బల్ల దిగాడు. తడిగుడ్డతో తన మూడు చుట్లూ తుడిచేశాడు. తాపీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోదామనే అనుకున్నాడు. సంచి మూతి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు కూడా. భార్య బల్లను గోడ మొదటికి జరిపింది.

ఎక్కి కొట్టాడు.

"డొల్ల," అంది ఆవిడ, అలవాటు కొద్దీ గొంతులోనే.

"వినబడలేదు," అన్నాడు.

ఈసారి వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పింది. ఎదురింటాయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. మేస్త్రి అటు తల తిప్పలేదు. చుట్టు గీసి, జానెడు పక్కకు జరిగి మళ్ళీ కొట్టి, ఆవిడ నోటి వైపు చూశాడు.