స్విచ్ ఏసి చూసినవా?

ఒక తండ్రి కూతురితో చెప్పాలనుకున్న మాటను, సరిగ్గా చెప్పాల్సిన నిమిషానికి బయటికి రాకుండా చేసిన ఘనుణ్ణి నేను. పైగా అందుకు ఆరు నెలలు కష్టపడ్డాను. ఊరికే కూర్చుని ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నేనూ నవ్వుతూనే చెబుతాను. 

భద్రాచలంలో యాకూబ్ భాయ్‌కి రేడియోలు, మైకు సెట్లు, మిక్సీలు బాగుచేసే షాపు ఉండేది. నా ఇంజనీరింగ్ ప్రాజెక్టుకు ప్రాణం వచ్చింది ఆయన బల్ల మీదే. అప్పటినుంచి నన్ను 'ఇంజనీర్ సాబ్' అనేవాడు. ఆ పిలుపులో గౌరవం పావు వంతు, వెటకారం ముప్పావు. ఎవరు ఏ వస్తువు తెచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "స్విచ్ ఏసి చూసినవా?" తెచ్చినవాళ్లలో సగంమంది అక్కడే స్విచ్ వేసి, మొహం చిన్నబుచ్చుకుని, బాగున్న వస్తువుతో ఇంటికి పోయేవాళ్లు.

ఆ ప్రశ్న అడిగే గొంతులోనే గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు అన్నారు దవాఖానాలో. మధిర అబ్బాయితో కూతురు నస్రీన్ పెళ్లి అప్పటికే ఖాయమైంది. ఇంకా ఎనిమిది నెలలుంది. యాకూబ్ భాయ్ గడ్డ గురించి ఒక్క మాట అడగలేదు. నన్ను పక్కకు పిలిచి, "బిడ్డను సాగదోలేటప్పుడు చేతులూపుకుంట నిలబడాల్నా సాబ్?" అన్నాడు. నేను ఖానాపురం హవేలి అనే పేటలో కిరాయి గదిలో కూర్చుని, కంప్యూటర్ల అడుగున నడిచే కెర్నెల్ అనే ప్రోగ్రాం కంపెనీకి రాసిపెట్టే మనిషిని. వయసులో ఉన్నాను, తెలివిమీద నమ్మకం దండిగా ఉంది. "నీ గొంతు నేను మిషన్‌లో పెడతా భాయ్" అని మాటిచ్చేశాను.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు షాపులో కూర్చుని ఆయన మాటలన్నీ రికార్డు చేశాను. అక్షరాలు టైపు చేస్తే, ఆ ముక్కలు అతికించి ఆయన గొంతుతోనే పలికే ప్రోగ్రాం రాశాను. ఫోన్‌లో పెట్టొచ్చు కదా అంటారు మీరు. ఆయన ఒప్పుకుంటేగా! పాత చెక్క రేడియో ఒకటి ఖాళీ చేసి, నా గొంతు ఇందులోంచే రావాలన్నాడు. సరే, చిన్న బోర్డు ఒకటి తెప్పించాను. ఇక్కడినుంచి నా ప్రతాపం మొదలు.

గొంతు అతికించాలంటే దశాంశాల లెక్కలు లక్షల్లో చెయ్యాలి. వాటికోసం ప్రాసెసర్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. దాన్నే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ అంటాం. నా ప్రోగ్రాం నడిపీ నడపగానే 'ఈ ఆదేశం నాకు తెలియదు' అని ప్రాసెసర్ చేతులెత్తేసింది. చవక చిప్పు కదా, ఆ భాగం ఇందులో లేదని తేల్చేశాను. తేల్చడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. చిప్పు పుస్తకం తెరిచి చూసుంటే మూడు నిమిషాలు పట్టేది.

లేకపోతే ఏం, నేను లేనా! మిషన్ మొత్తానికి పెద్దరికం చేసేది కెర్నెల్. ప్రాసెసర్ ఆ ఆదేశం దగ్గర ఆగినప్పుడల్లా కెర్నెల్ అందుకుని, ఆ లెక్కను మామూలు అంకెలతో తానే చేసి, జవాబు దాని చేతిలో పెట్టి ముందుకు పంపాలి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. ఆరు నెలలు సరిగ్గా తిండి తినలేదు. చివరికి రేడియో ఆయన గొంతుతో పలికిననాడు షాపులో నేనే ఏడ్చాను. ఒక్క చిన్న ఇబ్బంది. టైపు చేశాక ఒక్కో మాట బయటికి రావడానికి నాలుగు నిమిషాలు పట్టేది.

ఆ రోజుల్లో షాపు చూసి తీరాల్సిందే. ఒకరు అడిగినదానికి జవాబు ఇంకొకరికి దొరికేది. చాయ్ తాగుతారా అని అడిగి, తాగి, గ్లాసులు కడిగేశాక 'తాగుత, చక్కెర తక్కువ' అని పలికేది రేడియో. ఒకనాడు నా గొప్పతనమంతా ఆయనకు వివరించాను. చిప్పులో ఆ భాగమే లేదని, లేనిదాన్ని నేను కెర్నెల్‌లో పుట్టించానని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని ఏదో టైపు చేశాడు. ఈలోగా చర్లనుంచి ఒకాయన మిక్సీ పట్టుకొచ్చాడు. అప్పుడు పలికింది రేడియో.

"స్విచ్ ఏసి చూసినవా?"

"ఏసిన భాయ్, తిరుగుతలేదు" అన్నాడు మిక్సీ ఆయన. యాకూబ్ భాయ్ నావైపే చూస్తూ తల అడ్డంగా ఊపాడు. మిక్సీ బతకదని చెబుతున్నాడనుకున్నాను నేను.

పెళ్లిరోజు వచ్చింది. సాగనంపే వేళకు ఆలస్యం కాకూడదని ఒక వాక్యం ముందే తయారుచేసి, ఒక బటన్‌కు పెట్టాను. నొక్కితే చాలు. వాక్యం నేనే రాశాను. అందులో 'మెట్టినింట', 'కీర్తిప్రతిష్ఠలు' లాంటి మాటలున్నాయంటే మిగతాది మీరే ఊహించుకోండి. మధ్యాహ్నం కారు ఎక్కబోతూ నస్రీన్ తండ్రి ముందు నిలబడింది. ఆయన బటన్ మీద వేలు పెట్టి, నావైపు జాలిగా ఒకసారి చూసి, వేలు తీసేసి, తన మాట తాను టైపు చేయడం మొదలుపెట్టాడు.

పొద్దుటినుంచి ఆయన వచ్చినవాళ్లందరితో సంబరంగా ముచ్చట్లు టైపు చేస్తూనే ఉన్నాడు. రేడియో ఇంకా భోజనాలప్పటి మాటల దగ్గరే ఉంది. వరుసలోంచి పాత మాటలు తీసేసే ఏర్పాటు నేను చెయ్యలేదు. నస్రీన్ ఆయన చెయ్యి పట్టుకుని ఎంతసేపో నిలబడింది. రేడియో ఎవరినో "కూసో, కూసో" అని మర్యాద చేసింది. పెద్దవాళ్లు తొందరపెట్టారు. కారు కదిలిపోయింది. ఆయన ఆ రేడియో మీద చెయ్యి వేసి నిలబడ్డ తీరు నేను చచ్చేదాకా మరవను.

రేడియోను స్కూటీ ముందు పెట్టుకుని కారు వెంటపడ్డాను. ఫోన్ చేసి వినిపించవచ్చు కదా అని మీకు తట్టే ఉంటుంది. నాకు ఆ ఆలోచన గోదావరి దాటాక వచ్చింది. వంతెన మీద నడిచిపోతున్న భక్తుల పక్కన నేను వెళ్తుంటే, "తిన్నరా?" అని అడిగింది రేడియో. "తిన్నం నాయినా" అన్నదొక పెద్దావిడ. అవతలి ఒడ్డున లారీలు అడ్డంపడి కారు ఆగి ఉంది. పరుగున వెళ్లి రేడియోను కిటికీలో పెట్టి, "మీ అబ్బాజాన్ మాట్లాడతాడమ్మా" అన్నాను. కారులో అందరూ రేడియోవైపు వంగారు. నస్రీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బిర్యానీల ఉప్పు తక్కువైంది" అన్నాడు యాకూబ్ భాయ్.

నవ్వుతూనే ఏడ్చింది ఆ పిల్ల. ఇంకొక్క మాట ఉందమ్మా, నాలుగు నిమిషాలు పడుతుంది అన్నాను. ఈలోగా దారి తెరుచుకుంది. వెనక లారీలు హారన్లు మోత మోగించాయి. పెళ్లికొడుకు ఉదయంనుంచి నోరు తెరవని మనిషి. కారు దిగి లారీ డ్రైవర్ దగ్గరికి పోయి, "మా మామ మాట్లాడుతుండన్నా, జర ఆగు" అన్నాడు. లారీ ఆగింది. గోదావరి ఒడ్డున మేమంతా ఒక చెక్కపెట్టెను చూస్తూ నిలబడ్డాం.

"ఫోన్ చెయ్యకు బిడ్డా, నేను మాట్లాడలేను. ఒచ్చెయ్. షాపులనే ఉంట."

వాళ్లింట్లో మాటలన్నీ ఉర్దూలోనే. నేను రికార్డు చేసింది షాపులో మాటలు కాబట్టి రేడియోకి తెలుగు ఒక్కటే వచ్చు. "అబ్బా నాతోని తెలుగుల మాట్లాడుడు ఇదే మొదలు" అన్నది నస్రీన్.

అవమానం తట్టుకోలేక, వేగం పెంచే ఉపాయం కోసం మొదటిసారి ఆ చిప్పు పుస్తకం చదివాను. దశాంశాల భాగం అందులో ఉంది. మిషన్ లేచినప్పుడు అది ఆపి ఉంటుంది. దాన్ని కెర్నెల్ ఆన్ చెయ్యాలి. అందుకు ప్రోగ్రాంలో ఒకే ఒక్క వరుస రాయాలి. నా ఆరు నెలల పని తీసేసి ఆ వరుస రాసి, భద్రాచలం బస్సెక్కి వెళ్లి తల దించుకుని చెప్పాను. యాకూబ్ భాయ్ శబ్దం లేకుండా, భుజాలు కదిలిపోయేలా నవ్వి టైపు చేశాడు. ఈసారి రేడియో వెంటనే పలికింది.

"ఆ రోజే అడిగితి గద సాబ్."

ఆ పైన ఏడాదిన్నర ఆయన దానితో ఊరంతటినీ ఆటపట్టించి, ఈ లోకం విడిచి వెళ్లిపోయాడు. షాపు మూసేసిన రోజు నస్రీన్ రేడియోను ఒళ్లో పెట్టుకుని, వంతెన దగ్గరి మాటను మళ్లీ టైపు చేసింది. టక్కున వచ్చేసింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇది గాదు రమణన్నా. అబ్బా గింత జల్దీ చెప్పలే. ఆనాటి లెక్క చెయ్యి."

షాపు మెట్ల మీద కూర్చుని, ఆ ఒక్క వరుస తీసేసి, నా పాత కెర్నెల్ మళ్లీ ఎక్కించాను. ఆమె టైపు చేసింది. ఇద్దరం రేడియోకు చెరోపక్కా కూర్చున్నాం. నాలుగు నిమిషాలపాటు, లోపల ఆయన ఆ మాట చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టే ఉండింది. ఎంత బాగుండిందో చెప్పలేను.

కాబట్టి గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట స్విచ్ వేసి చూడకుండా, ఏ వస్తువులోనూ ఏదీ లేదని అనను. ఆ రేడియో ఒక్కటి మినహాయింపు. దాని స్విచ్ ఎక్కడుందో నాకు తెలుసు. వెయ్యను.