చీదరమ్మ స్నానాలగది

ఆమెకు చీదరమ్మ అని పేరు పెట్టిందెవరో తెలియదు గానీ, పెట్టినవాళ్ళు ఆమెను బాగా ఎరిగినవాళ్ళే. ఇరవై రెండేళ్ళుగా ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని ఆడవాళ్ళ బట్టలు కుడుతోంది. కొలతకి ఆదిగా ఎవరైనా విడిచిన బట్ట తెస్తే రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, "ఉతికి తీసుకురామ్మా, నేను కొలిచేది బట్టని, చెమటని కాదు" అని వెనక్కి పంపేస్తుంది. బస్సులో పక్కవాడు ముక్కులో వేలు పెడితే, దిగిపోయి తర్వాతి బస్సు ఎక్కుతుంది.

అలాంటి మనిషి ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే మొగుడికి స్నానం చేయిస్తోంది. ఆయన బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. కాలు కొంచెం దారికొచ్చింది, చెయ్యి రాలేదు. స్నానాలగది గడప జానెడు ఎత్తు, లోపల నేల నున్నటి టైల్సు. ఆయన నడుం పట్టుకుని గడప దాటించాలి, స్టూలు మీద కూర్చోబెట్టాలి, సబ్బు రుద్దాలి. ఈ పనిలో మాత్రం ఆమెకు చీదర లేదు. ఆయనకే ఉంది. ఒకరోజు వీపు రుద్దుతుంటే, "నా ఒళ్ళు నేను కడుక్కునే రోజు వస్తుందంటావా?" అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఆమె మిషను ఆపేసి, టేపు మెడలో వేసుకుని స్నానాలగదిలోకి వెళ్ళింది. గడప ఎంత కొట్టాలో, కూర్చునే దిమ్మ ఎక్కడ కట్టాలో, పట్టుకునే రాడ్డు ఎక్కడ బిగించాలో నీలం సుద్దతో గోడల మీద గీసేసింది. ఇక ఆ గీతల మీద పనిచేసే మనిషి ఒకడు దొరికితే చాలనుకుంది.

మొదట వచ్చినవాడు ఇస్త్రీ చొక్కా, గుప్పుమనే సెంటు. వీధిలోని బురదంతా బూట్లతో తెచ్చి ఆమె తుడిచిన నేల మీద అచ్చులు వేసుకుంటూ నడిచాడు. ఆమె గీతల వంక కన్నెత్తి చూడలేదు. ఫోను తీసి, "ఇది చూడండి మేడమ్, హోటల్ లుక్" అంటూ అద్దాల గోడలు, నీళ్ళతొట్టెలు చూపించాడు.

"ఆ తొట్టె అంచు మా ఆయన ఎలా దాటతారండీ?"

"పేషెంటుకి ఎలాగూ మీరే చేయిస్తారు కదా మేడమ్. పక్కన ఓ ప్లాస్టిక్ కుర్చీ వేసేస్తే సరి."

పేషెంటు మూడడుగుల దూరంలో కూర్చుని వింటున్నాడు. కాళ్ళకింద బురద కంటే వాడి నోటి మాటే ఆమెకు ఎక్కువ కంపు కొట్టింది. వాణ్ణి పంపించి, ఫినాయిలు పోసి రెండుసార్లు తుడిచింది.

రెండోవాడు వస్తూనే టైల్సు చూసి నుదురు కొట్టుకున్నాడు. ఈ వృత్తిలో అదొక ఆనవాయితీ. పాతవాడి పనిని కడుపారా తిట్టందే కొత్తవాడు టేపు బయటికి తియ్యడు. "ఛీ ఛీ, ఎవడమ్మా ఇది చేసింది? నేల వాలు అటు, నీళ్ళు పోయే కన్నం ఇటు! వాడు మేస్త్రీయా, పశువులకాపరా?" అని మొదలుపెట్టి, పాతవాడి అమ్మానాన్నల దాకా వెళ్ళాడు. ఆమె అతని వంక తేరిపార చూసింది. పొట్ట కొత్తది, రంగేసిన మీసం కొత్తది. పైవరసలో బంగారపు పన్ను మాత్రం పాతదే.

"మీరే" అంది.

"నేనేంటమ్మా?"

"పదకొండేళ్ళ కిందట ఈ నేల వేసింది మీరే. ఆరోజు కూడా అంతకుముందు వేసినవాణ్ణి ఇవే తిట్లు తిట్టారు."

మనిషన్నవాడికి తల కొట్టేసినట్టవ్వాలి. అతను నేలని బూటుతో ఓసారి తట్టి, "అప్పట్లో సిమెంటు అలాంటిదొచ్చేదమ్మా" అన్నాడు. సిగ్గు లేకపోవడాన్ని కూడా పనిముట్లతో పాటు సంచిలో వేసుకు తిరుగుతారు కాబోలు. ముందుగది నుంచి మొగుడు పడీపడీ నవ్వాడు గానీ ఆమెకు నవ్వు రాలేదు. వాడు నీళ్ళు తాగిన గ్లాసు మూడుసార్లు తోమింది.

మూడో మనిషిని ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే టీచరమ్మ పంపింది. నోట్లో పొగాకు, గోళ్ళ నిండా సిమెంటు, చంకల దగ్గర తెల్లగా ఉప్పుతేలిన చొక్కా. వస్తూనే స్నానాలగదిలో నీళ్ళు పోయే కన్నం చూసుకుని తుపుక్కున ఉమ్మాడు. ఆమెకు ఒళ్ళంతా తేళ్ళు పాకాయి. మర్యాదగా ఎలా సాగనంపాలా అని ఆలోచిస్తుంటే, "స్నానం ఎవరికమ్మా?" అని అడిగాడు.

"మా ఆయనకి."

"పిలవండి మరి."

"ఆయనెందుకు? నేనే అన్నీ కొలిచి గీశాను. చూసుకుంటే చాలు."

అతను చూశాడు. ఎడమ గోడ మీద నీలం గీత దగ్గర ఆగాడు. "రాడ్డు ఇక్కడెందుకమ్మా?"

"ఆయన ఎడమ పక్కకే ఒరిగిపోతారు. కుడి పక్కన నేను నిలబడి పట్టుకుంటాను."

"పట్టుకోడానికి ఆయనకి పనిచేసే చెయ్యేది?"

ఆమె తన నీలం గీత వంక చూసింది. ఒంటి కొలత గానీ ఆది గానీ లేకుండా ఇన్నేళ్ళలో జానెడు గుడ్డ కత్తిరించలేదు. అలాంటిది గోడ కొలిచింది, గడప కొలిచింది, తను నిలబడే చోటు కొలుచుకుంది. ఆయన చెయ్యి ఎంత దూరం సాగుతుందో కొలవలేదు. ఆ గదిని ఆమె గీసింది ఇద్దరి స్నానానికి. ఇన్నాళ్ళూ లోకం మీద పడుతున్న అసహ్యమంతా తిరిగొచ్చి తన మీదే పడింది.

అతనూ ఆమె కలిసి ఆయన్ని గడప దాటించి స్టూలు మీద కూర్చోబెట్టారు. మేస్త్రీ తడినేల మీద బాసింపట్టు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. "డ్రైవరన్నా, లేవాలంటే చెయ్యి ఎటు పోతుందో చూపించు." ఆయన కుడిచెయ్యి చాచాడు. మేస్త్రీ అక్కడ గీత గీశాడు. దిమ్మ ఎత్తు అడిగాడు, కుళాయి ఎక్కడుండాలో అడిగాడు. ఎనిమిది నెలల్లో ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఆమె వినలేదు.

"ఇంక తలుపు?" అన్నాడు మేస్త్రీ.

"తలుపు తీసెయ్యండి" అంది ఆమె గబుక్కున. "పరదా వేస్తే చాలు. ఏదైనా అయితే నేను వెంటనే రావాలి."

"తలుపు కావాలి" అన్నాడు ఆయన. "లోపల గొళ్ళెం కావాలి. నాకు అందేంత కింద."

"పడిపోతేనో?"

"పడితే పిలుస్తాను. ఈ ఇంట్లో తలుపేసుకోడానికి నాకు ఒక్క చోటు లేదే. నిన్ను అనడం లేదు. లేదు, అంతే."

మేస్త్రీ ఎవరి మాట వినాలా అన్నట్టు ఆమె వంక చూశాడు. ఇస్త్రీ చొక్కావాడైతే ఆమె చెప్పినట్టే పరదా వేసేవాడు. ఇతనూ వేస్తాడు, ఆమె ఒక్కమాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆయన చెప్పినట్టే చెయ్యండి" అంది. "రేపొచ్చి మొదలుపెట్టండి."

"గొళ్ళెం ఎత్తు చూద్దాం. ఓసారి తలుపేసుకుని చెయ్యి ఎక్కడికి అందుతుందో చూడన్నా" అని మేస్త్రీ బయటికి వచ్చాడు. ఆమెను కూడా రమ్మని చేత్తో సైగ చేశాడు. లోపల స్టూలు కిర్రుమంది. తలుపు మెల్లగా, రెండుసార్లు ఆగి ఆగి, మూసుకుంది.

పొగాకు కంపు కొట్టే మనిషి పక్కన ఆమె నిలబడింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏవండీ, అందిందా?"

"ఎప్పుడో అందింది" అన్నాడు లోపల్నుంచి. "కాసేపు ఉండనీవే."

ఆ తలుపుకి ఇవతల నిలబడటం ఆమెకు ఏమాత్రం నచ్చలేదు. అయినా తట్టలేదు.