రెండు గంటల పోట్లాట

1999 జూన్‌లో నంద్యాలలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ స్టాఫ్ నర్సుగా చేరాను. మూత్రకోశ వ్యాధులకు పేరున్న ఆసుపత్రి అది. మగ నర్సును అక్కడ అందరూ బ్రదర్ అని పిలిచేవారు. సీనియర్ అన్న మాటను మాత్రం నేను ఇంటి దగ్గర బాగా వాడుకున్నాను. నా చేతి కింద పదిమంది పనిచేస్తారని బంధువులకు చెప్పాను. నిజానికి నా కింద ఉండేది ఒక స్టూలు.

ఆ ఏడే మా డాక్టరు గారు మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీ చికిత్స మొదలుపెట్టారు. రాయలసీమలో ఆ మందును మొదట ఎక్కించిన చెయ్యి నాదేనని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కర్నూలులో అప్పటికే ఎక్కిస్తున్నారు. నాకు నేర్పింది కూడా అక్కడి సిస్టరమ్మే. ఈ వయసులో దాచి ఏం లాభం?

బీసీజీ అంటే పసిపిల్లల భుజానికి వేసే క్షయ టీకా మందే. బలం తగ్గించిన సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. మూత్రాశయంలోని గడ్డను గీకి తీసేశాక, పుండు మానేదాకా ఆగి, ఆ మందును సెలైన్‌లో కలిపి క్యాథెటర్ అనే సన్నటి గొట్టం ద్వారా లోపలికి పంపుతాం. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు. పరాయి జీవులొచ్చాయని ఒంట్లోని రక్షక కణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. ఆ ఊపులో పక్కనే నక్కిన క్యాన్సర్ కణాలనూ పట్టుకుంటాయి. ఎలా పట్టుకుంటాయన్నది అప్పట్లో డాక్టరు గారికీ పూర్తిగా తెలియదు. కణాలు, సూక్ష్మజీవులు తిన్నది అరిగించుకొని వదిలే చిన్నచిన్న పదార్థాలు ఈ రక్షక కణాలను ఒకోసారి తట్టి లేపుతాయని, ఒకోసారి జోకొడతాయని ఇప్పుడు చదువుతున్నాను. ఆనాడు నా పనికి కావలసిన నియమం ఒక్కటే. మందు లోపల రెండు గంటలు నిలవాలి. గోడలన్నిటికీ తగిలేలా రోగి అటూ ఇటూ ఒత్తిగిలుతూ ఉండాలి, మూత్రానికి మాత్రం లేవకూడదు.

హుస్సేనప్పకు ఇక్కడే కష్టమొచ్చింది. ఆళ్లగడ్డలో పరుపులు కుట్టే మనిషి, అరవై దాటినవాడు. మూత్రంలో రక్తం పడితే వేడి చేసిందనుకొని నెలల తరబడి బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగి, రక్తపు గడ్డలు అడ్డుపడ్డాక మా దగ్గరికి వచ్చాడు. డాక్టరు గారు లోపలి క్యాన్సర్ గడ్డను గీకి తీశారు. ఈ మందు పనిచేయకపోతే మూత్రాశయాన్నే తీసేసి, పొట్టకు మూత్రపు సంచి తగిలించాల్సి వస్తుందని దాచకుండా చెప్పారు.

“సంచి ఉన్యా నమాజుకు అడ్డం లేదని మసీదు హజ్రత్ చెప్పినాడు బ్రదరూ,” అన్నాడు హుస్సేనప్ప నాతో. “ఆయప్ప ఒప్పుకున్యాడు సరే, నా మనసు ఒప్పుకోవల్ల గదా. నలుగురి మధ్య వంగినప్పుడు ఆ సంచి ఒత్తుకుంటే?”

మందు ఎక్కించాక ఆ రోజంతా చిందకుండా కూర్చొనే మూత్రం పోయాలని, అందులోని సూక్ష్మజీవులు చావడానికి ఆపైన బ్లీచింగ్ పోయాలని చెప్పాను. “సాయిబులం, మేం యాపొద్దన్నా నిలబడి పోస్తామా అప్పా?” అన్నాడు. బ్లీచింగ్ ఒక్కటే నేర్పాల్సి వచ్చింది.

మొదటి వారం సగం సమయానికే లేచి పరుగెత్తాడు. మందు వృథా. రెండో వారం అతనికి మూత్రం సంగతి మరిపించే బాధ్యత నేను తీసుకున్నాను. అహోబిలం దారిలో చిరుతపులికి ఎదురునిలిచిన కథ చెప్పాను. అది కుక్కేనని చివర్లో ఒప్పుకునేసరికి హుస్సేనప్ప పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు మందంతా పరుపు మీదికి వచ్చేసింది.

“నీ పులిని నల్లమలలో ఇడిసిపెట్టి రాపో బ్రదరూ!” అంది అతని భార్య ఖాసింబీ, దుప్పటి లాగుతూ.

మూడో వారం మందు ఎక్కించగానే హుస్సేనప్ప మొండికేశాడు. కిందటిసారి చలిజ్వరం వచ్చిందని, ఇది ఆఖరని, ఇంక రానని అన్నాడు. ఒక రోజు జ్వరం మామూలేనని, అంతకు మించితేనే భయపడాలని నేను చెప్పబోయాను. ఖాసింబీ నన్ను పక్కకు నెట్టింది.

“నడిమధ్యలో ఇడిసిపెట్టేది నీకు కొత్తనా? డోన్ టేసన్లో నన్ను మూటల కాడ కూచోబెట్టి నువ్వు రైలెక్కి పోలేదా?”

“యాడ పోతినే? టీకి దిగితివి నువ్వు! రైలు కదిలె!”

“టీ అడిగిందెవురు? నేనా?”

అక్కడ మొదలైంది. రైలు దాటి, ఆమె పుట్టింటి పరుపులో ఆయన వేసిన పాతదూది దాకా వచ్చింది. హుస్సేనప్ప ఒత్తిగిలి అరిచాడు, ఇటు తిరిగి మళ్లీ అరిచాడు. నేను గడియారం చూసేసరికి రెండు గంటలు దాటిపోయాయి.

నాలుగో వారం ఆ కేకలకు డాక్టరు గారు వచ్చి, వార్డులో నిశ్శబ్దం పాటించాలని ఆమెను బయటికి పంపించారు. గది నిశ్శబ్దమైంది. కాసేపటికే హుస్సేనప్ప లేచి పరుగెత్తాడు. జరిగింది డాక్టరు గారికి చెప్పాను. ఐదో వారం ఆమెను తనే లోపలికి పిలిచి, తలుపు మూసి వెళ్లారు. ఏ గొడవ ఎత్తుకోవాలో ఆళ్లగడ్డ బస్సులోనే ఆలోచించుకొని వస్తున్నానని ఆమె వరండాలో నాతో చెప్పింది.

ఆఖరి వారం ఆమెకు మాట రాలేదు. దీని తర్వాత లోపల దీపమున్న గొట్టం వేసి చూస్తామని, గడ్డ మళ్లీ కనబడితే మూత్రాశయం తీసేయక తప్పదని డాక్టరు గారు ఆ పొద్దున గుర్తుచేశారు. ఆమె మంచం పక్కన కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హుస్సేనప్ప నుదుటి మీద చెమట పట్టింది. పులి కథ మళ్లీ ఎత్తుకుందామా అనుకుంటున్నాను. అతను ఆమె వైపు తిరిగాడు.

“ఏమే, గడివేముల పెండ్లిలో మీ తమ్మునికి బోటీ కూర తక్కువేసినారని నామీద ఎగిరితివి గదా. వడ్డించింది నేనా?”

ఆమె కొంగు తీసింది. “నువ్వు గాకపోతే యెవురు? గరిటె నీ చేతిలో లేదా?”

“చేతిలో ఉండేది నీళ్ల చెంబు!”

రెండు గంటలూ గడిచాయి. అతన్ని లేపి మరుగుదొడ్డికి తీసుకుపోతూ, ఆమె కావాలనే తగువు పెట్టుకుంటోందని తెలుసా అని అడిగాను.

“మొదటి దినం నిజంగానే మండింది,” అన్నాడు. “మళ్ల తెలిసె. ఆమెకు కోపమొస్తే మాట్లాడదు బ్రదరూ. మాట్లాడతాండాదంటే నాకోసం ఏందో చేస్తాండాదనే.”

తర్వాత గొట్టం వేసి చూసినప్పుడు లోపలి గోడ శుభ్రంగా ఉంది. పరీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. నేను ఆ ఆసుపత్రిలో ఉన్నంత కాలం గడ్డ మళ్లీ రాలేదు. అందరికీ అలా జరగదు. వారాలన్నీ తప్పకుండా మందు నిలిపినవాళ్లలో కూడా కొందరికి తిరిగొచ్చింది. హుస్సేనప్పకు నయం చేసింది మందే, పోట్లాట కాదు. పోట్లాట మందును లోపల నిలిపింది, అంతే.

ఆ తర్వాత బీసీజీకి ఎవరొచ్చినా, సీసా తెరవక ముందు ఇంటివాళ్లను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: ఈ మనిషి దేంట్లో పడితే ఒళ్లు మరుస్తాడు? ఒకరు పేకాట అన్నారు, ఒకరు దువా చదువుకోవడం అన్నారు, ఒకరు ఏమీ లేదన్నారు. మందు లోపలికి పంపడం వరకే నాకు చేతనైన పని. దాన్ని నిలిపేది ఏదన్నది ఒక్కో రోగికీ విడిగా వెతుక్కోవాల్సిందే.