మ్యూజియం నిండా అవే... నోట మాత్రం రాకూడదు

మా చిన్నతనంలో తాళ్ళరేవు కాలువలో కొబ్బరి డొప్పల పందెం మొదలవబోతుంటే... వీధి పిల్లలందరూ నోళ్ళు కుట్టేసుకునేవాళ్ళు. ఆ ఒక్క మాట జారితే అంతే సంగతులు. "ఓడ" అన్నవాడు ఓడిపోతాడని మా వీధి శాసనం.

చుట్టూ అవే ఉండేవి మరి... ఏటి ఒడ్డున కొయ్య ఓడలు కట్టేవాళ్ళు, పొద్దస్తమానం సుత్తుల చప్పుడు. అయినా పందెం రోజున దాన్ని "పెద్ద పడవ" అనాల్సిందే.

నా పని వేరు. మా బాబాయి కొడుకు రాజు పక్కన చేరి, అమాయకంగా మొహం పెట్టి అడిగేదాన్ని... "ఒరే తమ్ముడూ, ఆ ఒడ్డున మూడు తెరచాపలతో నిలబడ్డదాన్ని ఏమంటార్రా?" చదువులో ఫస్టు కదా, ప్రశ్న వినగానే జవాబు వచ్చేసేది వెధవకి. ఇంక వాడి డొప్ప వెళ్ళి గుర్రపుడెక్కలో ఇరుక్కునేది. వాడు ఏడ్చుకుంటూ ఇంటికి... నేను ఈలేసుకుంటూ ఇంటికి.

పదో తరగతి గట్టెక్కని నేను పెళ్ళి చేసుకుని అమెరికాలో, ఎడారి మధ్య చాండ్లర్‌లో తేలాను. వాడు బాగా చదువుకుని అక్కడే ఇంకో రాష్ట్రంలో, కాపెల్‌లో తేలాడు. మొన్న స్ప్రింగ్ బ్రేక్‌లో వాణ్ణి మా ఇంటికి రప్పించాను... లేఆఫ్ అయింది, వీసా గడువు దగ్గరపడుతోంది. ఒక కంపెనీ వాళ్ళు ఫైనల్ రౌండ్ చేసి, శుక్రవారం ఫోన్ చేసి చెబుతామన్నారట. ఆ శుక్రవారం ఇంట్లో కూర్చుంటే ఫోన్‌ని కళ్ళతోనే నమిలేసేలా ఉన్నాడని, మా అమ్మాయి అన్వితో పాటు మ్యూజియానికి లాక్కెళ్ళాను.

చేత్తో చెక్కిన బుల్లి ఓడల మ్యూజియం... ఈ ఎడారిలో! అద్దాల పెట్టెల్లో ఉల్లిపొర తెరచాపలు, వెంట్రుకంత తాళ్ళు, ఆవగింజంత ఫిరంగులు. చుక్కాని పట్టుకున్న సరంగుకి మీసాలు కూడా చెక్కారు మహానుభావులు.

రాజు మాత్రం ప్రతి పెట్టె ముందూ "ఈ షిప్ బావుందక్కా" అంటున్నాడు. చక్కగా తెలుగులో మాట్లాడుతూ, సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఇంగ్లీషులోకి దూకుతున్నాడు. నాకు తెలిసిపోయింది. నలభై దాటినా, మాస్టర్స్ చేసినా... వీడికి ఆ భయం పోలేదు. నా నాలుక దురద పెట్టింది.

అప్పుడే అన్వి అడిగింది. "రాజు మావయ్యా, షిప్‌కి తెలుగు వర్డ్ ఏంటి?"

వాడు నా వంక చూశాడు. నేనే నేర్పించి అడిగించాననుకున్నాడు... నామీద ఒట్టు, ఈసారి నాకేం తెలియదు. మోగని ఫోన్‌ని మరోసారి తిప్పి చూసుకున్నాడు.

"పెద్ద పడవ అంటారే," అన్నాను నేనే.

పిల్ల నమ్మలేదు. "బోట్ కదా పడవ? షిప్ కూడా పడవేనా? దట్స్ సో లేజీ." తెలుగు భాష పరువు పోయినా ఫరవాలేదని ఊరుకున్నాను. గెలిచే పందెం నా అంతట నేను వదిలేసింది జన్మలో అదొక్కటే.

ఇంతలో ఫోన్ మోగింది. వాడు బయటికి పరుగెత్తాడు. కిటికీలోంచి చూస్తే పార్కింగ్‌లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాలంటీరు ముసలావిడ నాకేదో వివరిస్తోంది... తలూపుతున్నాను గానీ ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

లోపలికొచ్చాడు. నేరుగా అన్వి దగ్గరికెళ్ళి, హాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని చూపించి, చుట్టూ ఉన్న అమెరికన్లు తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు. "దాన్ని ఓడ అంటారమ్మా. ఓడ. మీ అమ్మకి తెలుగు రాదు."

ఉద్యోగం వచ్చిందన్న కబురు నాకు అలా అందింది.

ఇంటికొచ్చే దారంతా కారులో అన్వి ఆ మాటే పాడుకుంటోంది, ఆ ముద్ద అమెరికన్ యాసలో. మర్నాడు దానికి సాకర్ మ్యాచ్... అయినా చీమ కుట్టినట్టయినా లేదు. నోరు జారితే పందెం పోతుందని వణికిన పిల్లలం మేమే ఆఖరేమో...

మీ వీధిలో ఏ మాట అననిచ్చేవాళ్ళు కాదు? కింద రాయండి... ఈరోజు పందెం ఏదీ లేనివాళ్ళు మాత్రమే.